గుసగుసకూ టపాసుకూ మధ్య: రికార్డింగ్‌లోని హెచ్చుతగ్గులను సాఫ్ట్‌వేర్ ఎలా సర్దుతుంది?

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లో డబ్ల్యూఆర్ఎస్ కాలనీ అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది దసరా. రైల్వే వారి వ్యాగన్ రిపేర్ షాపు పేరే ఈ కాలనీ పేరు కూడా. ఇక్కడి మైదానంలో విజయదశమి సాయంత్రం వంద అడుగుల పైచిలుకు రావణుడి బొమ్మను దహనం చేస్తారు. దానితోపాటు రామలీల ఉంటుంది, బాణసంచా ఉంటుంది. చూడటానికి నగరం నలుమూలల నుంచీ జనం వస్తారు. వారిలో తెలుగువారూ ఉంటారు. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ మీదుగా రాయ్‌పూర్ వరకు వేసిన రైలు మార్గం 1931లో పూర్తయింది. అప్పటి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ ఈ దారి వెంట ఉత్తరాంధ్ర కుటుంబాలు ఉద్యోగాల కోసం ఇటు వచ్చి రైల్వే కాలనీల్లో స్థిరపడ్డాయి.

ఈ ఉత్సవాన్ని ఫోన్లో రికార్డు చేసి ఊళ్లో ఉన్న పెద్దవాళ్లకు పంపితే ఒక చిక్కు ఎదురవుతుంది. రాముడి సంభాషణ వినబడాలని వాళ్లు వాల్యూమ్ పెంచుతారు. మరుక్షణం టపాసు పేలి చెవులు గింగిరాలెత్తుతాయి. భయపడి వాల్యూమ్ తగ్గిస్తే ఆ తర్వాతి మాట వినబడదు. మైదానంలో నిలబడ్డవాళ్లకు ఏ ఇబ్బందీ కలిగించని శబ్దాలే రికార్డింగ్‌లోకి వచ్చేసరికి ఎందుకిలా మారతాయి? దీనికి జవాబు ‘డైనమిక్ రేంజ్’ అనే భావనలో ఉంది. ఒక శబ్దంలో అతి మెల్లని భాగానికీ అతి బిగ్గర భాగానికీ ఉన్న తేడానే డైనమిక్ రేంజ్ అంటారు. ఆ తేడాను అవసరం మేరకు కుదించే పనిని ఇప్పుడు ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇంట్లోనే చేసుకోవచ్చు. అయితే అది ఏం చేస్తుందో తెలియకుండా మీటలు తిప్పితే ఉన్న రికార్డింగ్ కూడా పాడవుతుంది.

తేడా ఎంత?

శబ్దమంటే గాలి పీడనంలో వచ్చే చిన్న చిన్న మార్పులు. ఆరోగ్యవంతమైన చెవి వినగల అతి తక్కువ పీడన మార్పు సుమారు 20 మైక్రోపాస్కల్స్. దీన్ని సున్నా డెసిబెల్స్‌గా తీసుకుంటారు. పీడనం పది రెట్లు పెరిగితే 20 డెసిబెల్స్, వంద రెట్లయితే 40, వెయ్యి రెట్లయితే 60. రెట్టింపు కావడమంటే సుమారు 6 డెసిబెల్స్. గుసగుస 30 డెసిబెల్స్ దగ్గర, మీటరు దూరంలో మామూలు మాట 60 దగ్గర ఉంటాయి.

టపాసుల సంగతి చూద్దాం. మన దేశంలో పేలిన చోటుకు 4 మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్‌కు మించి మోగే టపాసులను తయారు చేయడం, అమ్మడం, కాల్చడం నిషేధం. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 4 మీటర్ల నుంచి 8, 16, 32, 64 మీటర్లకు వెళ్లేసరికి నాలుగు రెట్టింపులు, అంటే 24 డెసిబెల్స్ తగ్గుదల. పరిమితికి లోబడిన ఒక్క టపాసు కూడా 64 మీటర్ల దూరంలో నిలబడ్డవాళ్లకు సుమారు 101 డెసిబెల్స్‌తో వినబడుతుందన్నమాట. ఒకేసారి పది పేలితే ఇంకా ఎక్కువ.

అదే చోట జనం కాస్త సద్దుమణిగినప్పుడు పక్కనున్నవారి మాట 55 నుంచి 60 డెసిబెల్స్ ఉంటుంది. రెండింటికీ మధ్య తేడా 40 డెసిబెల్స్ పైనే. పీడనంలో వంద రెట్లు, శక్తిలో పదివేల రెట్లు. ఒకే రికార్డింగ్‌లో ఇమడాల్సిన తేడా ఇది.

చెవిలోనే ఒక కంప్రెసర్

మైదానంలో ఇంత తేడాను మనం తట్టుకోగలగడానికి కారణం చెవి నిర్మాణం. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియాలో ‘బాహ్య రోమ కణాలు’ ఉంటాయి. మెల్లని శబ్దాలు వచ్చినప్పుడు ఇవి చురుగ్గా కదులుతూ ఆ కంపనాన్ని పెంచుతాయి. శబ్దం పెరిగేకొద్దీ ఈ సాయం తగ్గిపోతుంది. అందుకే మధ్యస్థాయి శబ్దాల్లో బయట 10 డెసిబెల్స్ పెరిగితే కాక్లియాలోని పొర కదలిక రెండు మూడు డెసిబెల్స్ మాత్రమే పెరుగుతుంది. చాలా పెద్ద పరిధిని చిన్న పరిధిలోకి కుదించే ఏర్పాటు ఇది.

మధ్య చెవిలో మరో రక్షణ ఉంది. పెద్ద శబ్దం వినబడగానే స్టెపీడియస్ అనే చిన్న కండరం బిగుసుకుని లోపలికి వెళ్లే శబ్దాన్ని కొంత అడ్డుకుంటుంది. కానీ దానికి కొన్ని పదుల మిల్లీసెకన్ల సమయం పడుతుంది. టపాసు శబ్దం మిల్లీసెకను లోపే శిఖరానికి చేరుతుంది. కండరం బిగిసేలోగా దెబ్బ తగిలిపోతుంది. దగ్గర్లో పేలిన టపాసు వినికిడిని దెబ్బతీయడానికి ఇదొక కారణం. ‘స్పందించడానికి పట్టే సమయం’ అనే ఈ విషయమే సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ ఎదురవుతుంది.

పైన కప్పు, కింద రొద

రికార్డింగ్ పరికరానికి చెవికున్నంత వెసులుబాటు లేదు. డిజిటల్ రికార్డింగ్‌లో ప్రతి క్షణంలోని పీడనాన్నీ ఒక సంఖ్యగా రాసుకుంటారు. 16 బిట్ల పద్ధతిలో ఆ సంఖ్యకు 65,536 విలువలు ఉంటాయి. ఒక్కో బిట్ సుమారు 6 డెసిబెల్స్‌కు సమానం కాబట్టి మొత్తం 96 డెసిబెల్స్ పరిధి. 24 బిట్లయితే సిద్ధాంత రీత్యా 144. లెక్కప్రకారం ఇది చాలా ఎక్కువే. కానీ వాస్తవంలో మైకు, దాని ఎలక్ట్రానిక్స్ ఎప్పుడూ కొంత సన్నని రొద చేస్తూనే ఉంటాయి. ఆ రొద కన్నా మెల్లని శబ్దం అందులో కలిసిపోతుంది.

పైవైపు పరిమితి ఇంకా కఠినమైనది. డిజిటల్ సంఖ్యకు ఒక గరిష్ఠ విలువ ఉంటుంది. దాన్ని సున్నా అంటారు, దానికన్నా తక్కువ స్థాయిలన్నీ మైనస్‌లలో చెబుతారు. శబ్దం ఆ కప్పును తాకితే తరంగం తల నరికినట్టు బల్లపరుపుగా అయిపోతుంది. దీన్ని ‘క్లిప్పింగ్’ అంటారు. బరబరమనే ఆ శబ్దం అందరికీ తెలిసిందే. నరికిన భాగం ఎంత ఎత్తుందో ఫైలులో ఎక్కడా ఉండదు. ‘డీక్లిప్’ సాఫ్ట్‌వేర్లు ఇరుపక్కల వంపు చూసి అంచనా వేసి పూడుస్తాయి గానీ, పోయిన సమాచారాన్ని తెచ్చివ్వలేవు.

దీన్ని తప్పించడానికే ఫోన్లలో ‘ఆటోమేటిక్ గెయిన్ కంట్రోల్’ అనే ఏర్పాటు ఉంటుంది. చుట్టూ శబ్దం తక్కువగా ఉంటే మైకు సున్నితత్వాన్ని పెంచుతుంది, ఎక్కువైతే తగ్గిస్తుంది. పక్కవారితో మాట్లాడటానికి ఇది బాగా పనికొస్తుంది. ఉత్సవంలో మాత్రం ఒక్క టపాసు పేలగానే గెయిన్ పడిపోయి, తేరుకోవడానికి కాస్త సమయం తీసుకుంటుంది. ఆ వ్యవధిలో వచ్చిన సంభాషణ లోతైన బావిలోంచి వచ్చినట్టుంటుంది. ఈ మార్పు ఫైలులో శాశ్వతంగా కలిసిపోతుంది. అందుకే ముఖ్యమైన రికార్డింగుల్లో ఈ ఏర్పాటును ఆపి, గెయిన్‌ను చేత్తో తక్కువలో పెట్టి, ఆ తర్వాత తీరిగ్గా సాఫ్ట్‌వేర్‌తో సర్దడం మేలు.

వినే చోటు చెప్పే లెక్క

అసలు పరిధిని కుదించాల్సిన అవసరమేంటి? ఉన్నదున్నట్టు వినొచ్చు కదా? నిశ్శబ్దమైన గదిలో మంచి స్పీకర్ల ముందు కూర్చుంటే వినొచ్చు. కానీ తిరుగుతున్న ఫ్యాను, బయట వాహనాల చప్పుడు కలిసి మామూలు గదిలో 45 నుంచి 50 డెసిబెల్స్ రొద ఉంటుంది. ఇంట్లో హాయిగా వినగల పైస్థాయి 80 దగ్గర అనుకుంటే, మధ్యలో మిగిలేది 30, 35 డెసిబెల్స్. నడుస్తున్న రైలు పెట్టెలో రొదే 70 ఉంటే మిగిలేది 10 మాత్రమే. మైదానంలోని 40 డెసిబెల్స్ తేడా ఈ చోట్లలో ఇమడదు. అడుగుభాగమైనా రొదలో మునగాలి, పైభాగమైనా చెవిని బాధించాలి.

వాల్యూమ్ మీట ఈ సమస్యను తీర్చదు. అది మెల్లని భాగాన్నీ బిగ్గర భాగాన్నీ ఒకే మోతాదులో పైకో కిందికో జరుపుతుంది తప్ప వాటి మధ్య దూరాన్ని మార్చదు. దూరం మార్చాలంటే శబ్దం ఎంతుందో క్షణక్షణం కొలుస్తూ, ఎక్కువైన చోట మాత్రమే తగ్గించాలి. ఆ పని చేసేదే డైనమిక్ రేంజ్ కంప్రెసర్. ఫైలు సైజు తగ్గించే ఎంపీ3 లాంటి కంప్రెషన్‌కూ దీనికీ సంబంధం లేదు. పేరు ఒకటే, పనులు వేరు.

కంప్రెసర్ చేసే కూడికలు

ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కంప్రెసర్ తెరిస్తే కొన్ని మీటలు కనిపిస్తాయి. వాటిలో ‘థ్రెషోల్డ్’ మొదటిది. శబ్దం ఏ స్థాయి దాటితే కంప్రెసర్ కల్పించుకోవాలో అది చెబుతుంది. రెండోది ‘రేషియో’. ఆ స్థాయిని దాటిన భాగాన్ని ఎన్నో వంతుకు కుదించాలో చెబుతుంది.

ఒక ఉదాహరణ లెక్క చూద్దాం. రికార్డింగ్‌లో సంభాషణ మైనస్ 36 దగ్గర, జనం కేరింతలు మైనస్ 18 దగ్గర, టపాసులు మైనస్ 3 దగ్గర ఉన్నాయనుకుందాం. థ్రెషోల్డ్ మైనస్ 30, రేషియో 3:1 పెట్టాం. సంభాషణ థ్రెషోల్డ్ కిందే ఉంది కాబట్టి మారదు. కేరింతలు థ్రెషోల్డ్‌ను 12 డెసిబెల్స్ దాటాయి. ఆ 12 కాస్తా 4 అవుతుంది, కొత్త స్థాయి మైనస్ 26. టపాసులు 27 దాటాయి, అది 9 అవుతుంది, కొత్త స్థాయి మైనస్ 21.

ఇప్పుడు పైన చాలా ఖాళీ ఏర్పడింది. మొత్తాన్నీ 18 డెసిబెల్స్ పైకి ఎత్తుదాం. దీన్ని ‘మేకప్ గెయిన్’ అంటారు. టపాసులు మళ్లీ మైనస్ 3కి చేరతాయి, కేరింతలు మైనస్ 8కి, సంభాషణ మైనస్ 18కి. టపాసు మునుపున్న చోటే ఉంది, మాట మాత్రం 18 డెసిబెల్స్ పైకొచ్చింది. 33 డెసిబెల్స్ తేడా 15కు తగ్గింది. ఫ్యాను కింద కూర్చున్నవారికి ఇప్పుడు రెండూ వినబడతాయి. టపాసు పెద్దగానే వినబడుతుంది, కాకపోతే భయపెట్టదు.

ఈ సాయం ఉచితంగా రాదు. మైనస్ 60 దగ్గరున్న మైకు రొద కూడా అదే 18 డెసిబెల్స్ ఎక్కి మైనస్ 42కి చేరుతుంది. ఇదివరకు పట్టించుకోని సుయ్‌మనే శబ్దం, జనరేటర్ హోరు మాటల మధ్య ఖాళీల్లో తేలతాయి. కంప్రెసర్ వాడేముందు రొదను తగ్గించుకోవాలనడం, మైకును మాట్లాడేవారికి వీలైనంత దగ్గరగా పెట్టాలనడం ఇందుకే. మైకు దూరాన్ని సగానికి తగ్గిస్తే మాట 6 డెసిబెల్స్ పెరుగుతుంది, రొద మాత్రం అంతే ఉంటుంది. అది ఏ సాఫ్ట్‌వేరూ ఇవ్వలేని లాభం.

ఎంత త్వరగా, ఎంతసేపు

మిగిలిన రెండు మీటలు కాలానికి సంబంధించినవి. శబ్దం థ్రెషోల్డ్ దాటాక ఎంత త్వరగా తగ్గించాలో ‘ఎటాక్’ చెబుతుంది. శబ్దం మళ్లీ తగ్గాక ఎంత మెల్లగా వదలాలో ‘రిలీజ్’ చెబుతుంది. కుదించడం బాగా వచ్చిందా లేదా అనేది ఎక్కువగా ఈ రెండింటి మీదే ఆధారపడుతుంది.

ఎటాక్ 10 మిల్లీసెకన్లు ఉంటే టపాసు మొదటి దెబ్బ తగ్గకుండానే దాటిపోతుంది, స్టెపీడియస్ కండరానికి జరిగినట్టే. అలాగని ఎటాక్, రిలీజ్ రెండూ మరీ వేగంగా పెడితే మరో సమస్య. 100 హెర్ట్జ్ శబ్దంలో ఒక్కో తరంగం నిడివి 10 మిల్లీసెకన్లు. కంప్రెసర్ అంతకన్నా వేగంగా పనిచేస్తే మొత్తం శబ్దాన్ని వదిలేసి ఒక్కో తరంగం ఆకారాన్నే మార్చడం మొదలుపెడుతుంది. గొంతు బొంగురుపోయినట్టు వినబడుతుంది. రిలీజ్ మరీ నెమ్మదైతే టపాసు తర్వాత రెండు మూడు సెకన్ల మాట మింగుడుపడిపోతుంది. మధ్యస్థంగా ఉన్నా సరిగ్గా కుదరకపోతే ప్రతి డోలు దెబ్బకూ వెనకున్న జనం శబ్దం ఊపిరి తీసి వదిలినట్టు పడిలేస్తుంటుంది. ఇంజనీర్లు దీన్ని ‘పంపింగ్’ అంటారు.

ఇక్కడే సాఫ్ట్‌వేర్‌కు పాత పరికరాలకు లేని ఒక సౌకర్యం ఉంది. వాల్వులతో, విద్యుత్ దీపాలతో పనిచేసిన పాత కంప్రెసర్లకు వచ్చే శబ్దం వచ్చేదాకా తెలియదు. ఫైలు మీద పనిచేసే సాఫ్ట్‌వేర్‌కు మొత్తం శబ్దం ముందే అందుబాటులో ఉంటుంది. కొన్ని మిల్లీసెకన్లు ముందుకు తొంగిచూసి, టపాసు రాకముందే గెయిన్‌ను మెల్లగా దించడం మొదలుపెట్టగలదు. దీన్ని ‘లుక్‌అహెడ్’ అంటారు. ‘లిమిటర్’ అనే పరికరం కూడా కంప్రెసరే. కాకపోతే దాని రేషియో చాలా ఎక్కువ, నిర్ణయించిన కప్పును దేన్నీ దాటనివ్వదు.

అటు, అట్టు

మాటల రికార్డింగుల్లో ఇంకో సున్నితమైన విషయముంది. మన ఉచ్చారణలో అచ్చులకు శక్తి ఎక్కువ, చాలా హల్లులకు తక్కువ. బలమైన అచ్చుకూ బలహీనమైన హల్లుకూ మధ్య తేడా 30 డెసిబెల్స్ దాకా ఉండొచ్చు. అర్థాన్ని మోసేది మాత్రం చాలావరకు ఆ బలహీనమైన హల్లులే. మితంగా వాడిన కంప్రెషన్ వాటిని పైకి తెచ్చి మాట స్పష్టతను పెంచుతుంది.

అతిగా వాడితే తెలుగుకు ప్రత్యేకంగా ఒక నష్టం జరుగుతుంది. ‘అటు’, ‘అట్టు’ అనే మాటల్ని తీసుకుందాం. రెండింటి మధ్య ముఖ్యమైన తేడా నాలుక అంగిలిని తాకి ఆగిన నిశ్శబ్దం నిడివి. ద్విత్వాక్షరంలో ఆ విరామం ఎక్కువసేపు ఉంటుంది. రిలీజ్ మరీ వేగంగా ఉన్న కంప్రెసర్ ఆ విరామంలోనే గెయిన్ పెంచేసి వెనకున్న రొదను అందులో నింపేస్తుంది. నిశ్శబ్దం నిశ్శబ్దంగా ఉండదు, ద్విత్వం పల్చబడుతుంది. హరికథ, బుర్రకథ, పెద్దల జ్ఞాపకాలు లాంటి వాటిని దాచుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మాట రికార్డింగ్‌కు రేషియో 2:1 నుంచి 3:1 మధ్య, రిలీజ్ కొన్ని వందల మిల్లీసెకన్ల దగ్గర మొదలుపెట్టి, చెవితో సరిచూసుకుంటూ మార్చడం మంచిది.

డోలు, డప్పు ఉన్న చోట మరో ఇబ్బంది. వాటి కింది స్థాయి శబ్దాల్లో శక్తి ఎక్కువ. కంప్రెసర్ డప్పును చూసి మొత్తం శబ్దాన్ని తగ్గిస్తే, ఏ పాపమూ ఎరుగని గొంతు కూడా ప్రతి దెబ్బకూ అణిగిపోతుంది. దీనికి రెండు మార్గాలున్నాయి. మొదటిది, కొలిచేటప్పుడు కింది స్థాయి శబ్దాలను లెక్కలోకి తీసుకోవద్దని కంప్రెసర్‌కు చెప్పడం. రెండోది, శబ్దాన్ని కింది, మధ్య, పై స్థాయిలుగా విడగొట్టి ఒక్కోదాన్ని వేరుగా కుదించే ‘మల్టీబ్యాండ్’ కంప్రెసర్ వాడటం.

కొత్తదేమీ కాదు

శబ్దం పరిధిని కుదించడం ఎప్పటినుంచో ఉన్న ఆలోచన. మనం మాట్లాడే డిజిటల్ టెలిఫోన్ వ్యవస్థే దీనికి ఉదాహరణ. 1972 నాటి జి.711 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 13 బిట్ల స్థాయి శబ్దాన్ని ‘ఎ-లా’ అనే గణిత సూత్రంతో 8 బిట్లలోకి కుదించి పంపుతారు. అవతల తిరిగి విప్పుతారు. భారతదేశం, ఐరోపా వాడింది ఈ పద్ధతే.

సినిమా హాళ్ల వల్ల అందరికీ తెలిసిన డాల్బీ పేరు వెనక ఉన్నదీ ఇదే సూత్రం. అమెరికా ఇంజనీరు రే డాల్బీ 1963 నుంచి 1965 వరకు ఐక్యరాజ్యసమితి సలహాదారుగా భారతదేశంలో పనిచేశారు. ఇక్కడి నుంచి వెళ్లి 1965లో లండన్‌లో డాల్బీ లేబొరేటరీస్ స్థాపించారు. టేపు మీద ఎప్పుడూ వినబడే బుస్సుమనే రొదను తగ్గించడం ఆయన మొదటి విజయం. రికార్డు చేసేటప్పుడు మెల్లని శబ్దాలను పెంచి టేపు రొద కన్నా పైన ఉంచుతారు. వినేటప్పుడు అంతే మోతాదులో తగ్గిస్తారు. వాటితోపాటు రొద కూడా తగ్గుతుంది. కుదించడం, విప్పడం రెండూ ఉన్నాయి కాబట్టి చివరికి అసలు పరిధి చెక్కుచెదరదు. ఇంట్లో మనం చేసే కంప్రెషన్‌లో విప్పే మెట్టు లేదు. అందువల్ల అసలు ఫైలును వేరుగా దాచుకోవడం తప్పనిసరి.

మోత పోటీ

కుదించే శక్తి చేతికొచ్చాక దాన్ని దుర్వినియోగం చేయడమూ మొదలైంది. రెండు పాటలు వరుసగా వింటే కాస్త బిగ్గరగా ఉన్నదే బాగున్నట్టు అనిపించడం మనిషి చెవి బలహీనత. డిజిటల్ కప్పు అందరికీ ఒకటే కాబట్టి, దాన్ని దాటకుండా బిగ్గరగా వినబడాలంటే ఉన్న దారి లోపలి హెచ్చుతగ్గులను నలిపేయడమే. 1990ల నుంచి సీడీల్లో ఈ పోటీ ముదిరింది. 2008లో వచ్చిన మెటాలికా బృందం ఆల్బమ్ ‘డెత్ మ్యాగ్నెటిక్’ మోత మితిమీరి శబ్దం చిట్లిపోయిందని అభిమానులే గోల చేశారు. అవే పాటలు ఒక వీడియో గేములో తక్కువ కుదింపుతో రావడంతో తేడా అందరికీ తెలిసిపోయింది.

దీనికి విరుగుడు కొలిచే పద్ధతిని మార్చడంలో దొరికింది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2006లో బీఎస్.1770 అనే ప్రమాణం తెచ్చింది. ఇది శిఖరాలను పక్కనబెట్టి, చెవికి సగటున ఎంత బిగ్గరగా అనిపిస్తుందో లెక్కిస్తుంది. ఈ కొలతకు ప్రమాణం ఎల్‌యూఎఫ్‌ఎస్. 2010లో ఐరోపా ప్రసార సంస్థల సంఘం తన కార్యక్రమాలకు మైనస్ 23 ఎల్‌యూఎఫ్‌ఎస్ లక్ష్యంగా పెట్టుకుంది. యూట్యూబ్, స్పాటిఫై లాంటివి సుమారు మైనస్ 14 దగ్గర సర్దుతాయి. అంతకన్నా మోతగా ఎక్కించినదాన్ని అవే తగ్గించేస్తాయి. పాటను నలిపి సాధించిన మోత అక్కడ పోతుంది, నలిగిన పాట మాత్రం మిగులుతుంది.

వినికిడి తగ్గినవారికి

డైనమిక్ రేంజ్ అన్నది రికార్డింగ్ సమస్య మాత్రమే కాదు. సుత్తి దెబ్బలు, గ్రైండర్ల మోత మధ్య ఏళ్లతరబడి పనిచేసేవారికి వినికిడి దెబ్బతినే ప్రమాదం ఉంటుంది. రోజుకు 8 గంటలు పనిచేసేచోట శబ్దం 90 డెసిబెల్స్ మించకూడదని మన ఫ్యాక్టరీ నిబంధనలు చెబుతాయి. అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ 85నే సురక్షిత హద్దుగా సూచిస్తుంది. దాని లెక్కలో ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకూ ఉండదగిన సమయం సగమవుతుంది. 100 డెసిబెల్స్ దగ్గర 15 నిమిషాలే.

అధిక శబ్దానికి ముందుగా దెబ్బతినేవి బాహ్య రోమ కణాలు, అంటే చెవిలోని సహజ కంప్రెసర్. అవి పోతే మెల్లని మాటలు వినబడవు. పెద్ద శబ్దాలు మాత్రం మునుపటిలాగే బాధిస్తాయి. మామూలు చెవికి సున్నా నుంచి 100 డెసిబెల్స్ వరకు వెసులుబాటు ఉంటే, 60 డెసిబెల్స్ వినికిడి తగ్గినవారికి 60 నుంచి 100 వరకే, అంటే 40 డెసిబెల్స్ మాత్రమే మిగులుతుంది. ‘గట్టిగా చెప్పరా’ అన్న తాతగారే మరుక్షణం ‘ఎందుకురా అరుస్తావు’ అని విసుక్కోవడానికి కారణం చాదస్తం కాదు, ఈ ఇరుకైన పరిధి.

అందుకే నేటి డిజిటల్ వినికిడి యంత్రాలు శబ్దాన్ని ఊరికే పెంచవు. మెల్లని శబ్దాలను ఎక్కువగా, బిగ్గర శబ్దాలను తక్కువగా పెంచుతూ, ఒక్కో స్థాయిని విడివిడిగా కుదించి ఆ 40 డెసిబెల్స్‌లో సర్దుతాయి. థ్రెషోల్డ్, రేషియో, ఎటాక్, రిలీజ్ అనే మీటలే అక్కడా ఉంటాయి. వాటిని తిప్పేది ఆడియాలజిస్టు, వినికిడి పరీక్ష చేసి వచ్చిన లెక్కను బట్టి. పరీక్ష లేకుండా కొన్న చవక యాంప్లిఫయర్ దీనికి ప్రత్యామ్నాయం కాదు. ఇంట్లోని పెద్దల కోసం ఉత్సవం రికార్డింగ్‌ను కాస్త ఎక్కువగా కుదించి పంపడం కూడా ఇదే తర్కం ప్రకారం సబబైన పని.

చేసే క్రమం

రికార్డు చేసేటప్పుడు ఆటోమేటిక్ గెయిన్ ఆపగలిగే యాప్ ఎంచుకోవాలి. ఊహించగల అతి పెద్ద శబ్దానికి కూడా మీటరు పైన 10, 12 డెసిబెల్స్ ఖాళీ ఉండేలా గెయిన్ పెట్టాలి. వీలుంటే 24 బిట్లలో వేవ్ ఫైలుగా రికార్డు చేయాలి. గెయిన్ తక్కువైతే తర్వాత పెంచుకోవచ్చు, క్లిప్ అయితే ఏమీ చేయలేం. ఇంటికొచ్చాక అసలు ఫైలును ముట్టుకోకుండా దాని నకలు మీద పనిచేయాలి.

నకలులో ముందుగా స్థిరమైన రొదను మితంగా తగ్గించాలి. ఆ తర్వాత కంప్రెసర్. ఒకేసారి 6:1తో నలిపేకన్నా 2:1తో రెండుసార్లు చేస్తే ఎక్కువ సహజంగా ఉంటుంది. అప్పుడు ‘లౌడ్‌నెస్ నార్మలైజేషన్’తో సగటును కావలసిన ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు తేవాలి. చివర్లో లిమిటర్‌తో శిఖరాలను మైనస్ 1 దగ్గర ఆపాలి. పూర్తయ్యాక ఇయర్‌ఫోన్లలో, ఫోన్ స్పీకర్లో, టీవీలో మూడుచోట్లా విని చూడాలి. అసలు ఫైలునూ కొత్తదాన్నీ పోల్చేటప్పుడు రెండింటి సగటు మోతను సమానం చేసుకోవాలి. లేకపోతే బిగ్గరగా ఉన్నదే బాగుందని చెవి మోసపోతుంది.

చివరగా ఒక హెచ్చరిక. సంభాషణను మైనస్ 36 నుంచి మైనస్ 18కి తెచ్చే సాధనమే డీజే పెట్టెల్లోనూ పనిచేస్తుంది. శిఖరం పెరగకపోయినా సగటు 10 డెసిబెల్స్ పెరిగితే చెవిలోకి చేరే శక్తి పది రెట్లు, సురక్షితంగా వినగల సమయం పదో వంతు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. బహిరంగ స్థలంలో లౌడ్‌స్పీకర్ వాడితే దాని సరిహద్దు దగ్గర శబ్దం ఆ పరిమితికి 10 డెసిబెల్స్ పైన గానీ, 75 డెసిబెల్స్ గానీ, ఏది తక్కువైతే దాన్ని మించకూడదు. ఈ నిబంధనల్లోని పరిమితులు కూడా సగటు శబ్దానికి పెట్టినవే, క్షణకాలపు శిఖరానికి కాదు. నాలుగు వైపులా ఇళ్లున్న ఒక రైల్వే కాలనీలో నిద్రపోవాల్సిన పసిపిల్లలకూ, రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చినవారికీ లెక్కలోకి వచ్చేది ఆ సగటే.